మార్లూసి వదిలివెళ్ళిన స్ఫటికాలు

"తలుపు తియ్యండి అత్తయ్యా."

జులేకా మళ్ళీ తలుపు తట్టింది.

"మీరు లోపలే ఉన్నారని తెలుసు. గడియ పెట్టింది మీరేగా."

"నేనొక్కదాన్నే లేను," అంది లోపలి నుంచి ఓండీనా గొంతు. కోపంగా కాదు. పక్కన పడుకున్న మనిషికి నిద్ర చెడకూడదన్నట్టు మెల్లగా అంది.

జులేకా తలుపు మీద వేసిన చెయ్యి తీసేసింది.

అది మార్లూసి గది. ఓండీనా కూతురు, జులేకాకి ఆడపడుచు. మే నెలలో ఆ గదిలోంచే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు. ఆ తర్వాత పక్కబట్టలు కూడా మార్చనివ్వలేదు తల్లి.

నడవలో ఎవాండ్రో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సగం గడ్డం గీసుకున్నాడు, మిగతా సగం మీద సబ్బు నురగ ఆరిపోతోంది. తల్లికీ భార్యకీ మాట పెరిగినప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి రావడం, వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడడం అతనికి అలవాటు.

"నువ్వయినా చెప్పు," అంది జులేకా.

"ఏం చెప్పమంటావ్?"

"మీ చెల్లెలు లోపల లేదని చెప్పు."

అతను తల దించుకున్నాడు. "ఆ ఒక్కటీ నా నోట అనిపించకు జులీ."

వానలు పోయి చాలా కాలమైంది. కంపినాస్ ఊళ్ళో ఆగస్టు వానల్లేని నెల; పొడిగాలి గొంతులో గుచ్చుకుంటోంది. ఊరవతల చెరకు తోటల్ని కాలుస్తున్నారు. నల్లటి బూడిద పోగులు ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతున్నాయి. ఇంట్లో బీరువాలూ తలుపులూ ఉన్నట్టుండి టక్కుమని చిట్లుతున్నాయి. పడకగదుల్లో బేసిన్లతో నీళ్ళు పెట్టుకోమని, తడి తువ్వాళ్ళు వేలాడదీసుకోమని రేడియోలో రోజూ చెబుతున్నారు. వీధిలో అందరూ తాము పడుకునే గదుల్లో పెట్టుకున్నారు. ఓండీనా మాత్రం కేకు గిన్నెతో సహా ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ఎవరూ పడుకోని ఈ గదిలో పెట్టింది.

పొద్దున చూస్తే ఆ గిన్నెల్లో నీళ్ళు తగ్గి ఉండేవి. గాలికి ఆవిరైపోయాయని జులేకా అనేది. ఓండీనా ఏమీ అనేది కాదు. మళ్ళీ నింపేది.

"అత్తయ్యా, ఆ అలమారలో అట్టపెట్టె ఒకటుంది. అదొక్కటి నాకిచ్చేయండి, ఇంక గది జోలికి రాను. రింగు దగ్గరి ఎక్స్‌రే యంత్రం మీద మధ్యాహ్నం మాకు సమయమిచ్చారు. ఇవాళ పోగొట్టుకుంటే మళ్ళీ కొత్త సంవత్సరం దాకా దొరకదు."

"దాని వస్తువు దాని గదిలో ఉంటుంది."

"అది వస్తువు కాదు. మార్లూసి పని. రెండేళ్ళు దాని కోసమే బతికింది."

"దాని కోసమే చచ్చింది."

జులేకా పెదవి కొరుక్కుంది. పొడిగాలికి పగిలిన పెదవి చిట్లి రక్తం ఉప్పగా తగిలింది.

పెట్టెలో ఉన్నది ఒక ప్లాస్టిక్ ట్రే. ట్రేలో చిన్న చిన్న గుంటలు, గుంటకొక బొట్టు, బొట్టులో ఉప్పు రవ్వంత స్ఫటికాలు. గుండెను దెబ్బతీసే చాగస్ జబ్బు తెచ్చే క్రిమి బతకడానికి కావలసిన ఒక ప్రోటీన్‌ను వదినతో కలిసి పనిచేసే లాబ్‌లో మార్లూసి వేరు చేసింది. లాబ్ మెట్లు ఎక్కలేని స్థితి వచ్చాక ఆ ప్రోటీన్‌ను ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని ఈ ట్రే తయారు చేసింది. లాబ్‌లో ఉన్న మిగతా ట్రేలు చల్లపెట్టె చెడిపోయినప్పుడు పాడైపోయాయి. ఇప్పుడు లోకంలో ఉన్నవి ఇవే.

"తీసుకెళ్ళి దాన్నేం చేస్తావ్?" అంది లోపలి గొంతు.

"ఎక్స్‌రే కింద పెట్టి చూస్తాను."

"ఇదివరకు పెట్టి చూశావుగా. ఏమీ కనపడలేదన్నావు."

"అప్పుడు వాటిలో నీళ్ళు ఎక్కువున్నాయి అత్తయ్యా. ఈ స్ఫటికాల్లో సగానికి పైగా నీళ్ళే. ప్రోటీన్ ముక్కలు నీళ్ళల్లో తేలుతున్నట్టు వదులువదులుగా నిలబడతాయి. అందుకే బొమ్మ మసకగా వస్తుంది. ఈసారి కొంచెం కొంచెంగా నీళ్ళు తీసేస్తాను. అప్పుడవి దగ్గరికి జరిగి..."

ఆమె ఆగిపోయింది. అనేశాక గానీ ఏమందో తనకే వినపడలేదు.

లోపల మంచం కిర్రుమంది.

"మళ్ళీనా?" అంది ఓండీనా. "మళ్ళీ నీళ్ళు తీసేస్తావా?"

ఎవాండ్రో కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఇంట్లో మే నెల నుంచి ఎవరూ పైకి అనని మాట అది. చాగస్ జబ్బుతో మార్లూసి గుండె ఉబ్బిపోయింది. ఒంట్లో నీరు చేరి కాళ్ళు దిండ్లలా అయ్యాయి. రోజుకి ఇన్ని నీళ్ళకి మించి ఇవ్వొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. కొలగ్లాసు పట్టుకుని ఆ లెక్క చూసింది జులేకా. 'వదినా, ఒక్క గుటక' అని మార్లూసి అడుగుతుంటే తడి గుడ్డతో పెదవులు తుడిచి ఊరుకుంది జులేకా.

"డాక్టర్లు చెప్పారమ్మా," అన్నాడు ఎవాండ్రో.

"డాక్టర్లు కొలగ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చోలేదురా."

"అత్తయ్యా, నాకు మాత్రం కడుపు తరుక్కుపోలేదనుకున్నారా?"

"నీ కడుపు సంగతి నాకేం తెలుసు? నువ్వు ఏడవగా నేను చూడలేదు."

అది నిజమే. జులేకా ఏడవలేదు. ఏడుపు వచ్చినప్పుడల్లా పని దొరికేది.

అప్పుడు ఎవాండ్రో గోడ దగ్గర్నుంచి కదిలాడు. తలుపుకి నుదురు ఆనించాడు. నురగ చెక్కకి అంటుకుంది.

"అమ్మా. దాని రక్తంలో ఉన్నదే నా రక్తంలోనూ ఉంది. పరీక్షలో వచ్చింది కదా. ఆ ఇంట్లో ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. జులేకా చేసేది నా కోసం కూడా."

ఆ ఇల్లు అంటే ఉత్తరాన జెకిటిన్యోన్యా లోయలోని మట్టి ఇల్లు. గోడ పగుళ్ళలోంచి ఆ క్రిమిని మోసే బార్బేరో పురుగులు దిగి, నిద్రపోతున్న పిల్లల మొహాలు కుట్టేవి. పొద్దున లేచాక కంటి దగ్గర ఉబ్బు కనిపిస్తే ఓండీనా ఉప్పునీళ్ళతో కడిగేది. అంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు అప్పట్లో.

"ఆ గోడలు నేనే అలికాను," అంది ఓండీనా లోపల్నుంచి.

"నిన్నెవరూ ఏమీ అనలేదమ్మా."

"మీరనక్కర్లేదు."

గడియ జరిగింది.

గది చల్లగా ఉంది. ఇంట్లో మరెక్కడా లేని చల్లదనం. వేలాడుతున్న తువ్వాళ్ళ మధ్య నుంచి తప్పుకుంటూ, బేసిన్లు దాటుకుంటూ జులేకా అలమార దగ్గరికి వెళ్ళింది. తేమకి మార్లూసి సబ్బు వాసన లేచి గదంతా పరుచుకుని ఉంది. అది పోయిన మనిషి గదిలా లేదు. స్నానం చేసి ఇప్పుడే అవతలికి వెళ్ళిన మనిషి గదిలా ఉంది.

మంచం పక్క బల్ల మీద ఒక గాజుగ్లాసు. అడుగున ఒక్క చుక్క. అంచు తడిగా, ఒకచోట మాత్రం పెదవి తగిలినట్టు మసకగా ఉంది.

"ఇది మీరు తాగారా?"

ఓండీనా మంచం చివర కూర్చుంది. తెల్లజుట్టు దువ్వుకుని, నల్ల శాలువా కప్పుకుని, చర్చికి బయల్దేరినట్టు తయారై ఉంది. పెదవులు పొడిగా, పొరలు లేచి ఉన్నాయి.

"నాకు దాహం లేదు," అంది.

జులేకా అలమార తెరిచింది. పెట్టె తీసుకుని బయటికి వచ్చేసింది. నడవ చివరికి చేరాక, వెనక గదిలో గాజు చెక్కకి తగిలిన చిన్న చప్పుడు వినిపించింది. అత్తగారు గ్లాసు సర్దుతోందనుకుంది. తిరిగి చూస్తే ఓండీనా తన వెనకే నడవలో నిలబడి ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆలస్యమవుతోంది, వెళ్ళు," అంది ఓండీనా.

* * *

"కూర్చో డాక్టరమ్మా. మొహమేంటి అలా ఉంది? దారిలో దెయ్యం గానీ ఎదురైందా?"

అన్సెల్మో మాటలకి జులేకా నవ్వలేదు. అతను నాలుక కరుచుకున్నాడు. అతను చూపించింది మార్లూసి ఇక్కడికి వచ్చిన రోజుల్లో కూర్చునే కుర్చీ.

ఎలక్ట్రాన్లు దాదాపు వెలుతురంత వేగంగా తిరిగే పెద్ద వలయం ఆ భవనమంతా పరుచుకుని ఉంది. అందరూ దాన్ని రింగు అంటారు. కిటికీలు లేవు. పగలో రాత్రో తెలియదు. గోడల వెనక ఆగకుండా ఒక హోరు. మొదటి గంట చెవులకి వినిపిస్తుంది, తర్వాత పళ్ళల్లో మాత్రమే ఉంటుంది. ఆ వలయం నుంచి చీలివచ్చే ఎక్స్‌రే కిరణాల్లో ఒకటి ఈ గదిలోకి వస్తుంది. ఆ గదికి అన్సెల్మో పెద్ద. ఎవరు ఏ స్ఫటికం తెచ్చినా కిరణం ముందు నిలబెట్టే పని అతనిది.

జులేకా సూక్ష్మదర్శిని కింద ట్రే పెట్టింది. మూడు స్ఫటికాలు బాగున్నాయి. మిగతావి పొడి.

"మూడేనా?" అన్నాడు అన్సెల్మో.

"మూడే."

"ప్రోటీన్?"

"అయిపోయింది. చేసిన మనిషీ లేదు."

వెంట్రుకంత నైలాన్ ఉచ్చుతో మొదటి స్ఫటికాన్ని పైకి తీసి సూది మొన మీద నిలబెట్టారు. పక్కనున్న సన్నటి గొట్టంలోంచి తడిగాలి దాని మీదికి వీస్తుంది. ఆ గాలిలో తేమ ఎంత ఉండాలో మర చెప్పినట్టు వింటుంది. గాలిలో తేమ తగ్గిస్తే స్ఫటికంలోని నీరు మెల్లగా బయటికి వచ్చేస్తుంది. కిరణం తగిలినప్పుడు తెర మీద చుక్కలు పడతాయి. చుక్కలు మధ్యలోనే ఆగిపోతే బొమ్మ మసక. తెర అంచుల దాకా పాకితే ప్రోటీన్‌లో ఏ అణువు ఎక్కడుందో కూడా చెప్పొచ్చు.

మొదటి కిరణానికి మధ్యలో గుప్పెడు చుక్కలు పడ్డాయి. ఎప్పట్లాగే.

"బయటి గాలికి పెడితే సరిపోయేది," అన్నాడు అన్సెల్మో. "మా ఇంట్లో కోడిపిల్ల కూడా ఎండిపోతోంది."

"తేమ తగ్గించు. వేగంగా తగ్గించు. మనకి సాయంత్రం దాకానే సమయముంది."

"వేగంగానా?"

"చెప్పింది చెయ్యి అన్సెల్మో."

అతను తగ్గించాడు. తెర మీద స్ఫటికం నిలబడి ఉంది, గాజులా నిర్మలంగా. ఏమీ జరగలేదు. ఇంకొంచెం తగ్గించాడు. అప్పుడొక మూల నుంచి సన్నటి గీత బయల్దేరింది. వెంట్రుక పడిందేమో అనుకున్నారు. గీత రెండుగా చీలింది, నాలుగైంది. స్ఫటికం మొహం నిండా ముడతలు పడి, చూస్తుండగానే తెల్లబడిపోయింది.

అన్సెల్మో ఆ తెల్లటి తునకని సూది మొన నుంచి తీసేశాడు.

"దానికి ఊపిరాడనివ్వలేదు మనం," అన్నాడు అన్సెల్మో.

రెండోదాన్ని ఉచ్చులోకి తీస్తుంటే జులేకా తొందరపడింది. అది పక్కకి జారి బొట్టు అంచున ఎక్కడో కలిసిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

మిగిలింది ఒక్కటి.

దాన్ని నిలబెట్టాక జులేకా తేమ మీట తానే పట్టుకుంది. ఇసుమంత తగ్గించడం, ఆగడం, చూడడం. మళ్ళీ ఇసుమంత. ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు, ఒక్కో ప్రోటీన్‌ది ఒక్కో తీరు. మార్లూసి మంచం పక్కన తాను కూర్చున్నప్పుడూ ఇదే పని. ఎంత ఇస్తే బతుకుతుంది, ఎంత ఆపితే బతుకుతుంది. ఆ ఆలోచన వచ్చిన వెంటనే తల విదిలించుకుంది.

చుక్కలు పెరగలేదు. పైగా తగ్గడం మొదలుపెట్టాయి. ఇంకొంచెం తేమ తగ్గించేసరికి ఉన్న గుప్పెడు చుక్కలూ చెరిగిపోయి, తెర మీద బూడిదరంగు మబ్బు మిగిలింది.

"పోయింది," అన్నాడు అన్సెల్మో మెల్లగా. "చచ్చిపోయింది జులేకా. ఆపేద్దాం."

ఆమె చెయ్యి మీట మీద బిగుసుకుంది. ఆపేద్దామనే అనుకుంది. వెనక్కి తేమ పెంచితే కనీసం మొదటి స్థితికైనా వస్తుందేమో.

'ఆగు వదినా.'

మాట చెవిలో పడలేదు. హోరుతో పాటు పళ్ళల్లో ఉన్నట్టుంది. ఒక్క క్షణం సబ్బు వాసన. ఆమె గిరుక్కున తిరిగి చూసింది. ఖాళీ కుర్చీ.

"ఏమిటి?" అన్నాడు అన్సెల్మో.

"ఏం లేదు. ఆగుదాం."

"దేని కోసం?"

"తెలీదు. ఆగుదాం."

ఆగారు. అన్సెల్మో లేచి వెళ్ళి జున్ను రొట్టెలు తెచ్చాడు, ఆమె ముట్టుకోలేదు. అతనే తిన్నాడు. తెర మీద స్ఫటికం మునుపటి కంటే చిన్నదైంది. లోపలికి ఊపిరి పీల్చుకుని బిగబట్టినట్టుంది. ఒక్క పగులు లేదు.

"ఇప్పుడు చూడు," అంది జులేకా.

కిరణం వదిలాడు. తెర నల్లగా ఉంది. తర్వాత చుక్కలు వచ్చాయి. మధ్యలో కాదు, అన్ని చోట్లా. వరసలు వరసలుగా, సన్నగా, పదునుగా, తెర అంచుల దాకా.

అన్సెల్మో నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. "దేవుడా," అన్నాడు. మళ్ళీ తేరుకుని, "దూరదూరంగా నిలబడ్డ జనమంతా ఒక్కసారి భుజం భుజం కలిపారు. మళ్ళీ వదులయ్యే లోపు గడ్డకట్టించేద్దాం," అంటూ పరుగెత్తాడు.

నైట్రోజన్ చలిలో స్ఫటికాన్ని బిగించి, చుట్టూ తిప్పుతూ చుక్కలన్నీ పట్టుకున్నారు. లెక్కలు కంప్యూటర్ చేసుకుంది. సాయంత్రమయ్యేసరికి తెర మీద ప్రోటీన్ నిలబడింది. నీలిరంగు వలలాంటి బొమ్మ, మలుపు మలుపూ తెలిసేలా. జులేకా దాన్ని మెల్లగా తిప్పింది. క్రిమిని చంపే మందు వచ్చి కూర్చోవలసిన గుంట ఎక్కడుందో ఆమెకి తెలుసు. అక్కడికి వెళ్ళింది.

గుంట ఖాళీగా లేదు.

"ఏం కలిపారు ఇందులో?" అన్నాడు అన్సెల్మో.

"ఏమీ కలపలేదు."

"ఏదో ఉంది కదా. నీళ్ళు కాదు. చూడు, మూడు చక్రాలు, మధ్యలో మోచెయ్యి వంపు, ఈ చివర బొడిపె. ఎంత చక్కగా అమరిందో! మార్లూసి కలిపిందేమో."

జులేకా తెరకి దగ్గరగా వంగింది. ఆ మూడు చక్రాల్నీ ఆ మోచేతి వంపునీ ఆమె రెండేళ్ళు లాబ్ బోర్డు మీద చూసింది. పదిహేడో నంబరు మందు. రసాయనం వాళ్ళు చేసి పంపిన వాటిలో అన్నిటికంటే ఆశపెట్టింది అదే. పసుపు పొడి. క్రిమిని చంపింది. ఎలుకల్నీ చంపింది. చక్కగా తిరుగుతున్న ఎలుకలు ఉన్నట్టుండి గుండె ఆగి పడిపోయేవి. ఆపెయ్యమన్నారు, మిగిలిన పొడి నాశనం చెయ్యమన్నారు. ఆ పని నేను చూసుకుంటానంది మార్లూసి.

చూసుకుంది.

"పదిహేడు," అంది జులేకా.

"ఏమిటి?"

"దీని పేరు. మార్లూసి ఇది గుంటలో సరిగ్గా కూర్చుంటుందో లేదో తెలుసుకోవాలనుకుంది. లాబ్ కోసం కాదు అన్సెల్మో."

అన్సెల్మోకి అర్థం కాలేదు. "మరి సంతోషించవేం? ఇది పండగ చేసుకోవలసిన రోజు."

చివరి రోజుల్లో మార్లూసి గుండె ఉన్నట్టుండి గతి తప్పింది. ఇంత తొందరగా ఎందుకిలా అయిందో డాక్టర్లకీ తెలియలేదు. గుండె జబ్బు కదా, ఏమైనా జరగొచ్చన్నారు. జులేకా తెర వైపే చూస్తూ ఉండిపోయింది. నీటిలో మసకగా ఉన్నన్నాళ్ళూ దాక్కున్నది, నీరు తీసేయగానే పైకి వచ్చి కూర్చుంది.

* * *

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పొగలో సూర్యుడు ఎర్రటి బిళ్ళలా ఉన్నాడు. వంటింట్లో బీన్స్ ఉడుకుతున్నాయి. ఎవాండ్రో పెరట్లో మొక్కలకి నీళ్ళు పడుతున్నాడు, గొట్టం చప్పుడు వినిపిస్తోంది.

సోమవారం, పోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థించే రోజు. మార్లూసి గది గుమ్మంలో కొవ్వొత్తి వెలిగించి, ఓండీనా మోకాళ్ళ మీద కూర్చుంది. కోడలు వచ్చిన చప్పుడుకి శిలువ గుర్తు వేసుకుని లేచింది.

"కనిపించిందా?" అంది.

"కనిపించింది అత్తయ్యా. చాలా స్పష్టంగా."

"అయితే అది చేసిన పని వృథా కాలేదు."

"లేదు."

ముసలావిడ మొహం మెత్తబడింది. కొన్ని నెలల తర్వాత మొదటిసారి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి కాగితంలా పొడిగా ఉంది. జులేకాకి ఆ చెయ్యి వదిలించుకోవాలనీ ఉంది, పట్టుకునే ఉండాలనీ ఉంది.

"ఒక మాట అడుగుతాను. నామీద కోపంతో కాకుండా చెప్పండి. నేను పడుకున్నాక మీరు మార్లూసికి ఏమైనా ఇచ్చేవారా?"

ఓండీనా చెయ్యి వెనక్కి తీసుకుంది. కొవ్వొత్తి వైపు చూసింది.

"ఇచ్చాను," అంది, గడ్డం పైకెత్తి. "నువ్వు కొలిచేదానివి, నేను కొలవకుండా ఇచ్చాను. తల్లిని. నా కళ్ళ ముందు నీళ్ళు నీళ్ళు అని అల్లాడుతుంటే నేనేం చెయ్యాలి?"

"ఉట్టి నీళ్ళేనా?"

"ఉట్టివెందుకు? మందు కలిపి. దాని మందే. తనే తెచ్చుకుంది. పసుపు పొడి, వేలి గోరంత. 'అమ్మా, వదినకి చెప్పకు, తిడుతుంది, ఇది పురుగుని చంపుతుంది' అంది. చేదట. తాగాక మొహం ఇలా పెట్టేది." ఓండీనా మొహం చిట్లించి చూపించింది. ఆ చిట్లింపులో ఒక్కసారిగా మార్లూసి పోలిక వచ్చి పోయింది. "నువ్వు ఆపినదానికి నేనిచ్చినదే దానికి కాస్త ఊరట. అది తలుచుకునే నేను బతుకుతున్నా."

ఆ పసుపు పొడి పదిహేడో నంబరేనని జులేకాకి తెలిసిపోయింది.

చెప్పాలి. చెబితే ఈ మనిషి గుమ్మం మీదే కూలిపోతుంది. ఇన్నాళ్ళూ మోసిన నింద దించుకోవడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలుక మీద ఉంది. అక్కడే ఎండిపోతోంది.

"దాహం తీర్చారు అత్తయ్యా," అంది చివరికి. "అంతే."

ఓండీనా కళ్ళు తడిశాయి. "ఈ మాట ఇన్నాళ్ళకి అన్నావు."

"ఆ పొడి సీసా ఎక్కడుంది? లాబ్‌కి తిరిగి ఇచ్చెయ్యాలి."

"దానిలో ఇంకేముంది? అడుగంటింది."

"పోనీ, సీసా ఇవ్వండి," అంటూ చెయ్యి చాపిన జులేకా ఆ మాట మీదే నిలిచిపోయింది. సీసా ముప్పావు వంతు నిండుగా ఉండగా లాబ్ నుంచి బయటికి వెళ్ళింది. వేలి గోరంత చొప్పున ఎంత వాడినా మే నెలకి అడుగంటదు.

"మిగిలింది ఏమైంది అత్తయ్యా?"

పెరట్లో గొట్టం చప్పుడు ఆగింది. తడి చేతులు తుడుచుకుంటూ ఎవాండ్రో వచ్చి నడవ మొదట్లో నిలబడ్డాడు. మాటలు ఎంతవరకు విన్నాడో తెలియదు. చూపు తల్లి మీదే ఉంది.

"వాడి రక్తంలోనూ అదే ఉంది కదా," అంది ఓండీనా, ఎవరికైనా అర్థమయ్యే మామూలు సంగతి చెప్పినట్టు. "పారబోస్తానా మరి? పొద్దుటి కాఫీలో చెంచాడు చొప్పున కలుపుతున్నాను. చక్కెర కాస్త ఎక్కువేస్తే చేదు తెలియడం లేదు."

ఎవాండ్రో నవ్వబోయాడు. భార్య మొహం చూసి ఆ నవ్వు సగంలో పోయింది.

"ఎప్పటి నుంచమ్మా?"

"నీ చెల్లెలు ఇమ్మన్నప్పటి నుంచి."

"అది నీకెప్పుడు చెప్పింది? ఆస్పత్రిలోనా?"

"ఆస్పత్రిలో ఎక్కడ?" అంది ఓండీనా. చేత్తో తలుపు వైపు చూపించింది. "పోయిన సోమవారం. ఈ గదిలోనే. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, 'అన్నయ్యకి కూడా ఇవ్వమ్మా, నాకు ఒక్కదానికే బాగాలేదు ఇక్కడ' అంది."

జులేకా నడవలో అడ్డొచ్చిన కుర్చీని తోసేసి వెళ్ళి భర్త మణికట్టు పట్టుకుంది. తోట నీళ్ళకి ఆ చెయ్యి చల్లగా ఉంది. వేళ్ళ కింద నాడి దొరికింది.

ఒకసారి కొట్టింది.

రెండోదాని కోసం ఆమె ఊపిరి బిగబట్టి ఆగింది.